తనను గురించి తాను వ్రాసుకోవడం

(ప్లాటినం జూబిలీ సందర్భంగా షోలాపూరులో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పూర్వ విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



తెలుగు బడిలో పదేళ్ళు చదివిన విద్యార్థి ఎన్నో రకాల రచనలు చేసి ఉంటాడు. ప్రధానోపాధ్యాయులకు సెలవుచీటీ వ్రాసి ఉంటాడు. పొరుగూరిలో ఉన్న తండ్రికి ఉత్తరం వ్రాసి ఉంటాడు. గ్రంథాలయాల వల్ల కలిగే లాభాలను గురించీ, వార్తాపత్రికల ఆవశ్యకతను గురించీ వ్యాసాలు వ్రాసి ఉంటాడు. కాని "నీవెవరవు? ఈ విద్య నీకెందుకు?" అని ఏ ప్రశ్నపత్రమూ అతణ్ణి అడిగి ఉండదు. అందులో వింత లేదు. ఆత్మస్తుతి దోషమని ఇంట్లో నేర్పారు. పెద్దల ఎదుట తన ఘనత తాను చెప్పుకోరాదని బడిలో నేర్పారు. ఆ సంస్కారంతో పెరిగిన విద్యార్థి ఇరవై ఏళ్ళ వయస్సులో ఒక వృత్తివిద్యా సంస్థకు పంపవలసిన దరఖాస్తు తెరిచి చూస్తే, అందులో ఒక ఖాళీ గడి కనిపిస్తుంది. నిన్ను గురించి నీవే చెప్పుకో అంటుంది ఆ గడి. దానిని పర్సనల్ స్టేట్‌మెంట్ అంటారు. కొన్ని సంస్థలు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అంటాయి. తెలుగులో ఆత్మపరిచయ పత్రం అనుకోవచ్చు. ఆత్మనివేదనం అనే చక్కని మాట లేకపోలేదు గాని, అది నవవిధ భక్తులలో చివరిది. దానిని కళాశాల ప్రవేశాల గుమస్తాకు సమర్పించడం అంత భావ్యం కాదు.

భారతదేశంలో ఈ పత్రంతో పని తక్కువ. ఎం.బి.బి.ఎస్. ప్రవేశానికి నీట్‌లో వచ్చిన ర్యాంకు చాలు. వైద్యుడు ఎందుకు కావాలనుకొంటున్నావని ఎవరూ అడగరు. ఆ పరీక్షను 2017 నుంచి తెలుగులోనూ నిర్వహిస్తున్నారు. అయితే తెలుగు ప్రశ్నపత్రం కోరుకొనేవారికి పరీక్షా కేంద్రాలు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లోనే ఇస్తారు గనుక, షోలాపూరు పిల్లలకు ఆ సదుపాయం చేతికందీ అందనట్లే ఉంది. అది వేరే సభలో మాట్లాడుకోవలసిన విషయం. ఆత్మపరిచయ పత్రం అవసరం ప్రధానంగా రెండు చోట్ల వస్తుంది. 2001లో ప్రారంభమైన హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్ వంటి సంస్థలు దరఖాస్తుతో పాటు వ్యాసాలు అడుగుతాయి. ఇక విదేశీ విశ్వవిద్యాలయాలు అనేకం అడుగుతాయి. బ్రిటన్‌లో డిగ్రీ స్థాయి ప్రవేశాలకు యూకాస్ అనే ఉమ్మడి సంస్థ ద్వారా దరఖాస్తు చేయాలి. అక్కడ ఈ పత్రం ఖాళీలతో కలిపి 4,000 అక్షరాలు దాటరాదు. లోగడ అది ఒకే వ్యాసంగా ఉండేది. 2026 ప్రవేశాల నుంచి దానిని మూడు ప్రశ్నలుగా విడగొట్టారు: ఈ చదువు ఎందుకు, ఇంతవరకు చదివిన చదువు దీనికి ఎలా సిద్ధం చేసింది, చదువు వెలుపల చేసిన పనులు ఎలా తోడ్పడ్డాయి. అమెరికా వైద్య కళాశాలల ఉమ్మడి దరఖాస్తులో పరిమితి 5,300 అక్షరాలు. ఉన్నత విద్యలకు ఒక్కొక్క విశ్వవిద్యాలయానిది ఒక్కొక్క లెక్క. సాధారణంగా రెండు పుటలకు మించదు. పాతికేళ్ళ జీవితానికి రెండు పుటలు!

ఈ పద్ధతి పుట్టుక అంత పవిత్రమైనది కాదని కూడ పెద్దలు తెలుసుకోవడం మంచిది. 1920ల వరకు అమెరికాలోని పెద్ద విశ్వవిద్యాలయాలు ముఖ్యంగా పరీక్షల ఆధారంగానే విద్యార్థులను చేర్చుకొనేవి. ఆ పరీక్షలలో యూదుల పిల్లలు విశేషంగా నెగ్గుకొని రావడం కొందరికి కంటగింపయింది. 1922లో హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ వారి సంఖ్యకు పరిమితి విధించాలని ప్రతిపాదించాడు. బాహాటమైన పరిమితికి వ్యతిరేకత రాగా, మార్కులకు తోడు శీలం, వ్యక్తిత్వం, నాయకత్వ లక్షణాలు వంటివి కొలబద్దలై కూర్చున్నాయి. అంటే ఎవరినో లోపలికి రానివ్వకుండా ఉండడానికి కల్పించిన ద్వారాలలో ఇదీ ఒకటి. తరువాతి కాలంలో అదే ద్వారం గుండా, మార్కుల పట్టికలో కనిపించని యోగ్యత గలవారు కొందరు లోపలికి వెళ్ళగలిగారు. కనుక ఈ పత్రాన్ని పూజించనూ అక్కరలేదు, ఈసడించనూ అక్కరలేదు. అది అడిగినదేమిటో తెలుసుకొని జవాబు చెప్పడమే విజ్ఞత.

అడిగినదేమిటో తెలియక వ్రాసే జవాబులు ఎలా ఉంటాయో బ్రిటన్‌లో ఒకసారి బయటపడింది. 2007లో యూకాస్ సంస్థ వైద్యం మొదలైన కోర్సులకు వచ్చిన సుమారు 50,000 దరఖాస్తులలోని ఆత్మపరిచయాలను కంప్యూటరు సాయంతో పోల్చి చూసింది. ఎనిమిదో పుట్టినరోజుకు రసాయన ప్రయోగాల పెట్టె బహుమతిగా వచ్చిందనీ, దానితో ప్రయోగాలు చేస్తూ పైజామాకు కన్నాలు పడేటట్లు కాల్చుకొన్నామనీ, అప్పటి నుంచే విజ్ఞానశాస్త్రం మీద మక్కువ కలిగిందనీ 234 మంది వ్రాశారు. అన్ని పైజామాలు ఒకే తీరున కాలిన ఉదంతం లోకంలో మరెక్కడా విని ఉండరు. వృద్ధుడైన తాతగారి అస్వస్థత మరో 175 పత్రాలలో ప్రత్యక్షమైంది. ఎక్కడో ఒక నమూనా పత్రం దొరికింది. అందరూ దానినే ఎత్తి వ్రాశారు. ఆ తరువాత ఆ సంస్థ ఇలాంటి పోలికలను పట్టుకొనే ఏర్పాటు శాశ్వతంగా చేసుకొన్నది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది గాని, ఆ 234 మందీ అబద్ధాలకోరులని అనుకోవడం న్యాయం కాదు. వారిలో చాలామందికి తమ జీవితంలో చెప్పుకోదగినది ఏమీ లేదనే భయం ఉండి ఉంటుంది. ఆ భయం ఇంగ్లీషు వారి పిల్లలకే ఉంటే, మరమగ్గం చప్పుడులో, తునికాకు వాసనలో పెరిగి తెలుగు బడిలో చదువుకొన్న పిల్లలకు ఎంత ఉంటుందో వేరే చెప్పాలా? ఈ ప్రసంగానికి అసలు విషయం అదే.

ఒక విద్యార్థినిని ఊహించుకోండి. ఈమె నిజంగా ఉన్న వ్యక్తి కాదు. కాని ఈ ఊళ్ళో ఇలాంటి ఆడపిల్ల లేని వీధి ఉండదు. 1877లో మొదటి నూలుమిల్లు వచ్చినది మొదలు తెలంగాణ పల్లెల నుంచి షోలాపూరు చేరుకొన్న పద్మశాలి కుటుంబాలలో ఒకటి ఆమెది. తండ్రి తువ్వాళ్ళ కార్ఖానాలో సాంచాల మీద పని చేస్తాడు. తల్లి ఇంట్లో బీడీలు చుడుతుంది. పిల్ల పదవ తరగతి దాకా తెలుగులో చదివి, తరువాత ఇంగ్లీషుతో కుస్తీపట్టి నర్సింగు డిగ్రీ పూర్తిచేసి, రెండేళ్ళు ఆసుపత్రిలో ఉద్యోగం చేసి, ఇప్పుడు ప్రజారోగ్య శాస్త్రంలో పై చదువుకు విదేశీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెడుతున్నది. ఆమె మొదట వ్రాసే పత్రం దాదాపు ఇలా ఉంటుంది:

"బాల్యం నుంచి నాకు ప్రజాసేవ అంటే ఎంతో ఇష్టం. మానవసేవే మాధవసేవ అని నా దృఢ విశ్వాసం. కష్టపడి పనిచేసే స్వభావం, నాయకత్వ లక్షణాలు, నలుగురితో కలిసి మెలిసి ఉండే గుణం నాలో ఉన్నాయి. ప్రపంచ ప్రఖ్యాతి గాంచిన మీ విశ్వవిద్యాలయంలో చదవడం నా చిరకాల స్వప్నం."

ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. కాని క్రింద సంతకం మార్చి ఎవరు పంపినా చెల్లుతుంది. విశ్వవిద్యాలయం పేరు మార్చి ఎక్కడికి పంపినా చెల్లుతుంది. దరఖాస్తులు చదివే ఆచార్యుడు ఆ రోజు అప్పటికి ఇలాంటివి ఎన్నో చదివి ఉంటాడు. ఆయనకు ఆమె మీద ద్వేషం లేదు. ఆమెను గుర్తుపెట్టుకోవడానికి ఆమె ఏ ఆధారమూ ఇవ్వలేదు, అంతే. "నలుగురితో కలిసి మెలిసి ఉంటాను" అన్న మాట నమ్మడానికి ఆయనకు సాక్ష్యం కావాలి.

అదే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకొని, ఆసుపత్రి మొదటిసారి ఎప్పుడు చూశావమ్మా అని అడిగితే, సిగ్గుపడుతూ ఇంకొక కథ చెబుతుంది. దానిని కాగితం మీద పెడితే ఇలా ఉంటుంది:

"నా 12వ ఏట, దసరా మరునాడు, మా నాయనమ్మను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాను. నాయనమ్మకు తెలుగు తప్ప మరో భాష రాదు. డాక్టరు ఆ ఊరికి కొత్తగా వచ్చినవారు. దగ్గు ఎన్ని రోజుల నుంచి అని మరాఠీలో అడిగారు. నాయనమ్మ 'మార్కండేయ రథం నాటి సంది' అంది. నేను శ్రావణ పున్నమి నుంచి వేళ్ళు లెక్కపెట్టి, ఎనిమిది వారాలు కావస్తున్నదని చెప్పాను. ఆయన వెంటనే కఫం పరీక్షకు చీటీ వ్రాసి ఇచ్చారు. ఆ తరువాత ఇరుగుపొరుగు వారు కూడ ఆసుపత్రికి నన్ను వెంటబెట్టుకొని పోసాగారు. ఒకసారి పక్కింటి పెద్దమ్మ 'గుండెల్లో మంట' అంటే, మరాఠీలో హృదయంలో మంట అని చెప్పాను. గుండెజబ్బేమోనని ఆమెకు ఇ.సి.జి. తీశారు. ఉన్నది పుల్లని తేన్పులు మాత్రమే. ఆమె ఆ సాయంత్రం వరకు భయంతో ఏడుస్తూ కూర్చున్నది. ఆ రోజు నుంచి నొప్పులకూ బాధలకూ తెలుగులో వాడే మాటలను, వాటికి సరిపోయే మరాఠీ మాటలను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోవడం మొదలుపెట్టాను."

ఈ రెండింటి మధ్య భేదం భాషలో లేదు. రెండూ సామాన్యమైన భాషే. రెండవ దానిలో పరిశీలకుడికి పనికివచ్చే విషయాలు ఎన్ని ఉన్నాయో చూడండి. రెండు వారాలకు మించిన దగ్గు ఉంటే క్షయ పరీక్ష చేయించాలనేది జాతీయ క్షయ నివారణ కార్యక్రమం పెట్టిన నియమం. రోగి పండుగలతో చెప్పే కాలాన్ని వారాలలోకి మార్చకపోతే ఆ నియమం ఆచరణలోకి రానే రాదు. ప్రజారోగ్య శాస్త్రం పట్టించుకొనే ప్రశ్నలలో ఇది ముఖ్యమైనది. ఆ అమ్మాయి దానిని పన్నెండేళ్ళకే చేతులతో తాకింది. తాను చేసిన పొరపాటును దాచకుండా చెప్పింది. చెప్పి, ఆ పొరపాటు నుంచి ఏం చేసిందో చూపింది. తాను కలుపుగోలుదాన్నని ఆమె ఎక్కడా వ్రాయలేదు. ఇరుగుపొరుగు వారు వెంటబెట్టుకొని పోసాగారన్న వాక్యమే ఆ మాట చెబుతున్నది.

అయితే ఈ కథతోనే పత్రం నిండిపోకూడదు. కథ మూడవ వంతుకు మించరాదు. మిగిలిన భాగంలో నర్సుగా పనిచేసిన రెండేళ్ళలో ఏమి చూసింది, ఏ పని నేర్చింది, నర్సు ఉద్యోగంతోనే తృప్తిపడక ప్రజారోగ్యం ఎందుకు కావాలనుకొన్నది, ఆ విశ్వవిద్యాలయంలోని ఏ పాఠ్యాంశం తన ప్రశ్నకు జవాబు ఇస్తుందనుకొంటున్నది చెప్పాలి. చాలామంది పత్రాలు చతికిలబడేది ఇక్కడే. చిన్ననాటి సంఘటన వ్రాసి, ఒక్క అంగలో "అందువల్ల మీ సంస్థలో చేరదలచాను" అనేస్తారు. మధ్యలో పదేళ్ళు ఏమయ్యాయి? నాయనమ్మ జబ్బు చూసి వైద్యరంగం మీద మనసు పడడం సహజమే. కాని అదే జబ్బు చూసినవాడు మందుల దుకాణం పెట్టవచ్చు, ఆసుపత్రిలో లెక్కలు వ్రాసే ఉద్యోగమూ చేయవచ్చు. ఈ వృత్తే ఎందుకు అనే ప్రశ్నకు జవాబు పనిలో దొరుకుతుంది గాని కన్నీటిలో దొరకదు.

కన్నీటి ప్రస్తావన వచ్చింది గనుక ఇంకొక మాట. కొందరు పూర్వ విద్యార్థులు, విదేశాలలో చదివి వచ్చినవారు, పేదరికం బాగా వర్ణించమని పిల్లలకు సలహా ఇస్తున్నారు. సదుద్దేశంతోనే ఇస్తున్నారు. కాని తల్లి బీడీలు చుట్టిన చేతులను, తండ్రి దగ్గును అంగడిలో పెట్టి సీటు అడగడం బిచ్చానికి దగ్గరి పని. ఆ పిల్ల చదువు ముగిసి ఇంటికి వచ్చిన తరువాత తల్లి ముఖం చూడవలసి ఉంటుంది. పేదరికం చెప్పవలసిన చోట చెప్పాలి, చెప్పినప్పుడు లెక్కతో చెప్పాలి. "కటిక దారిద్ర్యంలో మగ్గిపోయాము" అనడం కన్నా, "బడి నుంచి రాగానే రెండు గంటలు అమ్మకు తునికాకు కత్తిరించి ఇచ్చేదాన్ని, తొమ్మిది దాటాక చదువుకు కూర్చొనేదాన్ని" అనడం మేలు. మొదటిది జాలి కోరుతుంది. రెండవది ఒక మనిషి దినచర్యను చూపుతుంది. మార్కులు ఎందుకు కొంచెం తగ్గాయో కూడ అడగకుండానే తెలుపుతుంది.

వైద్యానికే ఇది వర్తిస్తుందని అనుకోనక్కరలేదు. న్యాయశాస్త్రం చదవాలనుకొనే పిల్లవాడిని తీసుకోండి. ఈ ఊళ్ళో తెలుగు కుటుంబాల కాగితాలలో పేర్ల గందరగోళం అందరికీ అనుభవమే. తెలుగు అలవాటులో ఇంటిపేరు ముందుంటుంది. మరాఠీ కాగితాలలో అది చివరికి పోయి, మధ్యలో తండ్రి పేరో భర్త పేరో వచ్చి చేరుతుంది. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి అక్షరాలు మారతాయి. రేషన్ కార్డులో ఒక పేరు, బీడీ కార్మికుల గుర్తింపు కార్డులో ఇంకొక పేరు, భవిష్యనిధి ఖాతాలో మూడవ పేరు. ముగ్గురూ ఒకరేనని ఋజువు చేయలేక డబ్బు చేతికి రాని తల్లులు ఉన్నారు. అలాంటి తల్లికి కొడుకు దరఖాస్తులు నింపి, అఫిడవిట్ వ్రాయించి, కార్యాలయం చుట్టూ తిరిగి ఉంటే, అతడు న్యాయశాస్త్రంలో మొదటి పాఠం అప్పటికే చదివినట్లు. ఆ సంగతి వదిలిపెట్టి, తాను మహానాయకుల జీవితచరిత్రలు చదివి ఉత్తేజితుణ్ణయ్యానని వ్రాస్తాడు!

ఎందుకు వదిలిపెడుతున్నారు? సిగ్గు. తెలుగు మాధ్యమంలో చదివామన్న సంగతి బయటపడితే లోకువ అవుతామేమోనన్న సంకోచం. ఈ పాఠశాల పేరులోని తెలుగు అన్న మాటను కూడ దరఖాస్తులో మింగేసే పూర్వ విద్యార్థులు ఉన్నారని వినవస్తుంది. వారిని నిందించి లాభం లేదు. ఇంటర్వ్యూలలో ఎన్ని చిన్నచూపులు చూసి ఆ అలవాటు చేసుకొన్నారో! కాని నిదానంగా ఆలోచిస్తే, ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బస్టాండులో హిందీ, కన్నడం, కళాశాలలో ఇంగ్లీషు మాట్లాడుతూ పెరిగిన విద్యార్థి, రోగులతోనూ కక్షిదారులతోనూ మాట్లాడవలసిన వృత్తికి లోటుతో వస్తున్నాడా, మిగులుతో వస్తున్నాడా? ఆ మాట గొప్పగా చెప్పుకోనక్కరలేదు. దాచకుండా ఉంటే చాలు.

ఇక వ్రాసే పద్ధతి. మొదటి ప్రతి తెలుగులో వ్రాయడమే మేలు. ఇంగ్లీషులో మొదలుపెడితే చేతికి వచ్చేవి నమూనా పుస్తకాలలోని వాక్యాలే. తెలుగులో మొదలుపెడితే జ్ఞాపకాలు వస్తాయి. అయితే తెలుగు ప్రతిని మాటకు మాటగా ఇంగ్లీషు చేయకూడదు. "మా నాన్న కడుపు కట్టుకొని చదివించాడు" అన్న మాట తెలుగువాడి గుండెను తాకుతుంది. ఇంగ్లీషులోకి అలాగే మారిస్తే చదివేవాడికి బోధపడదు. అక్కడ ఆ జాతీయం వెనుక ఉన్న సంగతి చెప్పాలి: పగటి పాళీ ముగిశాక తండ్రి వారానికి మూడు రాత్రులు ఇంకొకరి సాంచాల మీద పని చేశాడు, ఆ డబ్బుతో కళాశాల రుసుము కట్టాడు. సంగతి ఏ భాషలోనైనా సంగతే. పండుగ పేరు, వంట పేరు, పనిముట్టు పేరు వచ్చినప్పుడు దానిని తీసివేయనవసరం లేదు; పక్కన నాలుగు మాటల్లో వివరణ ఉంటే సరిపోతుంది.

ఒక్క రాత్రిలో వ్రాసి పంపవలసిన పత్రం కాదిది. గడువుకు రెండు నెలల ముందు మొదలుపెట్టి, వ్రాసిన ప్రతిని వారం రోజులు పక్కన పెట్టి, తిరిగి చదివితే అనవసరమైనవి వాటంతటవే కనబడతాయి. అక్షరాల పరిమితికి కుదించేటప్పుడు విశేషణాలను ముందు తీసివేయాలి. సంఘటనలను చివరికి గాని ముట్టుకోరాదు. చాలామంది దీనికి విరుద్ధంగా చేస్తున్నారు.

తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్లల తరఫున ఈ పత్రాన్ని డబ్బు తీసుకొని వ్రాసి పెట్టేవారు నగరాలలో ఉన్నారు. ఫీజు కట్టి నిశ్చింతగా ఉండవచ్చుననిపిస్తుంది. ఈ రోజుల్లో డబ్బు కూడ అక్కరలేదు, కంప్యూటరును అడిగితే క్షణంలో వ్రాసి ఇస్తుంది. కాని దరఖాస్తు పెట్టేటప్పుడు ఇది నా సొంత రచన అని అభ్యర్థి ధ్రువీకరించవలసి ఉంటుంది. బ్రిటన్‌లోని ఉమ్మడి సంస్థ, అమెరికా వైద్య కళాశాలల సంస్థ రెండూ ఈ నియమం పెట్టాయి. తప్పులు దిద్దించుకోవచ్చు, సలహా అడగవచ్చు. చివరి మాట అభ్యర్థిదే కావాలి. నియమం మాట అటుంచినా, పత్రం తరువాత ఇంటర్వ్యూ ఉండే చోట అక్కడ అడిగే ప్రశ్నలు ఈ పత్రం నుంచే వస్తాయి. ఎవరో వ్రాసిపెట్టిన దేశాటనను గురించి ప్రశ్నలు వేస్తే పిల్లవాడు ఏం చెబుతాడు? చదువు కోసం అప్పు చేసిన తండ్రి, ఆ పిల్లవాడి జీవితంలో మొదటి ముఖ్యమైన సంతకాన్నే అబద్ధం కింద పెట్టించినవాడవుతాడు.

ఉపాధ్యాయులు చేయవలసిన పని ఇంకొకటి. ఎర్రసిరాతో దిద్దడంలో వారు సిద్ధహస్తులు; కాని ఇక్కడ దిద్దుబాటు కన్నా ప్రశ్నలు ఎక్కువ ఉపకరిస్తాయి. ఈ వాక్యం నీవు తప్ప వేరొకరు వ్రాయగలరా? ఎప్పుడు? ఎక్కడ? నీవేం చేశావు? ఆ తరువాత? ఇలా నాలుగు ప్రశ్నలు వేసి ఊరుకొంటే చాలు. అందమైన వాక్యం తామే వ్రాసి ఇవ్వాలన్న కోరిక కలుగుతుంది. దానిని నిగ్రహించుకోవడం భాషా పండితులకు మరీ కష్టం. పూర్వ విద్యార్థులలో వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు అయినవారు ఆదివారం నాడు ఒక గంట ఈ బడి గ్రంథాలయంలో కూర్చుని, వచ్చిన పిల్లల ప్రతులు విని ఇదే విధంగా అడిగితే, జూబిలీ నిధికి ఇచ్చే చందాకు అది తీసిపోదు. వారు తమ పాత పత్రాలను నమూనాగా మాత్రం ఇవ్వకుండా ఉంటే మంచిది. షోలాపూరు నుంచి 234 మార్కండేయ రథాలు ఒకేసారి బయలుదేరడం ఎవరికీ క్షేమం కాదు.

చివరగా ఒక సంగతి తరచు మరచిపోతారు. పత్రంలో వచ్చేవారు అభ్యర్థి ఒక్కరే కాదు. నాయనమ్మ జబ్బు నాయనమ్మది. అమ్మ కాగితాల చిక్కు అమ్మది. వాటిని పరాయివారి ముందు పెట్టేముందు వారిని అడగడం మర్యాద. కనుక ఆ అమ్మాయి పత్రం పంపే ముందు తెలుగు ప్రతిని ఇంట్లో పైకి చదివి వినిపించాలి. నాయనమ్మ మంచం మీద కూర్చుని వింటుంది. వ్రాసినందుకు కోపగించుకోకపోవచ్చు, కొంచెం మురిసిపోవచ్చు కూడ. విన్నాక, "రథం నాడు కాదు బిడ్డా, నాగుల పంచమి నాడే సురువైంది దగ్గు" అనవచ్చు. అప్పుడు పున్నమికి పది రోజులు వెనక్కి పోయి, తొమ్మిది వారాలు దాటినట్లు లెక్క మార్చి, పత్రంలో ఆ వాక్యం తిరిగి వ్రాసుకోవాలి.